అక్క గొంతు రికార్డు చేసిన రోజులు

మా అక్క పుంగనూరులో ఒకటో తరగతి టీచరు. పిల్లలకు అక్షరాలు చెప్పీ చెప్పీ గొంతు బొంగురుపోయిందని మేమంతా అనుకున్నాం. మిరియాల పాలు, ఉప్పునీళ్లు, తేనె అన్నీ అయ్యాయి. మింగేటప్పుడు నొప్పి మొదలయ్యాక బావ వేలూరుకు తీసుకెళ్లాడు. అది క్యాన్సరని, ప్రాణం నిలవాలంటే స్వరపేటిక మొత్తం తీసేయక తప్పదని అక్కడి డాక్టర్లు చెప్పారు.

అక్క కూతురు అప్పుడప్పుడే రెండు మాటలు కలిపి పలుకుతోంది. ఆపరేషన్‌కు రమ్మన్న తేదీ దగ్గరపడుతుండగా అక్క నన్ను పిలిచింది.

"ఒరే, నా గొంతు యాడన్నా దాసిపెట్టాలరా. పాప సిన్నది. దానికి గుర్తుండదు."

"పెళ్లి వీడియో ఉండాది కదక్కా" అన్నాను.

పెట్టి చూశాం. అందులో అక్క నోరు కదులుతూనే ఉంది, నవ్వుతోంది, ఎవరినో పిలుస్తోంది. పైన మాత్రం సినిమా పాటలు. వీడియో తీసినాయన మొదటి నుంచి చివరిదాకా పాటలే కలిపాడు. అక్క కాసేపు చూసి టీవీ కట్టేసింది.

ఇంట్లో బావ బెంగళూరు స్నేహితుడి దగ్గర తీసుకున్న పాత ల్యాప్‌టాప్ ఒకటి ఉండేది. దానికి మైకున్న హెడ్‌ఫోన్ తగిలించి రికార్డింగు మొదలుపెట్టాం. నేను పాలకేంద్రంలో పని ముగించుకుని మధ్యాహ్నం వచ్చేవాణ్ణి. అక్క కూర్చుని పాపకు అన్నం తినిపించేటప్పుడు చెప్పే కథలు చెప్పింది, జోలపాట పాడింది, జడ ఎలా అల్లుకోవాలో, జ్వరమొస్తే ఏం తినాలో చెప్పింది. బొంగురుపోయినా అది అక్క గొంతే. ఒకరోజు నన్ను బయటికి పంపి తలుపు వేసుకుంది. పాప పెద్దమనిషి అయ్యే రోజుకని చెప్పుకున్న మాటలవి.

కానీ ఆ ల్యాప్‌టాప్ ఉన్నట్టుండి ఆగిపోయేది. అక్క మాట్లాడుతుండగానే తెర అంతా నీలంగా మారి, తెల్ల అక్షరాలు ఏవో వచ్చి, దానంతటది మళ్లీ మొదలయ్యేది. అప్పటిదాకా చెప్పిందంతా పోయేది. "మళ్లా పాయరా" అని అక్క గోరువెచ్చటి నీళ్లు ఒక గుక్క తాగి మొదటి నుంచి చెప్పేది. మింగుతుంటే మొహం నొప్పితో ముడుచుకుపోయేది.

వైరసన్నారు, తీసేశాం. వేడెక్కుతోందన్నారు, టేబుల్ ఫ్యాను ఎదురుగా పెట్టాం. లాభం లేక నేనే మదనపల్లెకు తీసుకెళ్లి బస్టాండు దగ్గరి రిపేరు షాపులో చూపించాను. షాపు ఆయన మంచివాడే. కాసేపు చూసి, "హార్డ్‌డిస్క్ తేడాగా ఉండాదన్నా. ఉన్నవన్నీ సీడీకి ఎక్కించి, అంతా చెరిపేసి కొత్తగా విండోస్ ఏస్తా" అన్నాడు. సాయంత్రం సీడీ పెట్టి ఒక కథ మొదలు వినిపించాడు. అక్క గొంతు వచ్చింది. "ఇదేనా అన్నా?" అన్నాడు. అదేనన్నాను.

వేలూరు బస్సు ఎక్కేముందు అక్క అడిగింది. "అన్నీ బద్రంగా ఉండాయి కదరా?"

"ఉండాయక్కా."

"అన్నం పెట్టేటప్పుడు కథ సెప్పండి. లేకుంటే అది మింగదు."

అక్క నోట నేను విన్న చివరి మాట అది.

ఆపరేషన్ అయిన తర్వాత పాప అమ్మ కావాలని ఏడుస్తుంటే సీడీ పెట్టాను. "అనగనగా" అని అక్క గొంతు వినగానే పాప ఏడుపు ఆపి ల్యాప్‌టాప్ వెనక్కి వెళ్లి చూసింది. అంతలో రేకు మీద గీకినట్టు చప్పుడొచ్చి కథ ఆగిపోయింది. పాప చెవులు మూసుకుంది. ఇంకొకటి పెట్టాను. అదీ కాసేపు పలికి గరగరమంది. తర్వాతవి అసలు తెరుచుకోలేదు. ఇంకొకటి నొక్కేలోపు తెర నీలమైపోయింది.

నా డిగ్రీ స్నేహితుడు కుప్పంలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబు చూసుకునేవాడు. ల్యాప్‌టాప్, సీడీ తీసుకుని అక్కడికి వెళ్లాను. ఆగిపోయినప్పుడల్లా ఒకే అక్షరాలు వస్తున్నాయా అని అడిగాడు. ఒక్కోసారి ఒక్కోటన్నాను.

"కొత్త విండోస్ ఏసినాక గూడా ఇట్లే ఉండాదంటే తప్పు దాన్ది గాదప్పా. మెమరీ సూద్దాం, అదే ర్యామ్."

విండోస్ లేకుండా మెమరీని మాత్రమే పరీక్షించే సీడీ ఒకటి వేశాడు. కాసేపు ఏమీ లేదు. అంతలో తప్పు దొరికిందని ఒక ఎర్రగీత వచ్చింది. తర్వాత గీత కింద గీతగా తెర నిండిపోయింది. ల్యాప్‌టాప్‌ను బోర్లించి, చిన్న మూత విప్పాడు. లోపల రెండు సన్నని మెమరీ పలకలు ఉన్నాయి. ఒకటి తీసేసి పరీక్ష పెట్టాడు. మేము అన్నం తిని వచ్చేదాకా ఒక్క ఎర్రగీతా లేదు. లోపలున్నదాన్ని తీసి, ముందు తీసేసినదాన్ని ఒక్కదాన్నే పెట్టాడు. వెంటనే తెర ఎర్రబడింది.

"ఇదప్పా సెడిపోయింది."

"హార్డ్‌డిస్క్?"

"దానికేమీ గాలేదే. బాగుండాది."

నేను సీడీ చూపించాను. ఏం కాపీ చేసినా ఈ మెమరీలోంచే పోవాలని, ఇక్కడ చెడింది చెడినట్టే సీడీ మీదికి ఎక్కిందని చెప్పాడు. అసలువి హార్డ్‌డిస్క్‌లో బాగానే ఉండేవి. వాటినే చెరిపేసి వాటిమీద కొత్త విండోస్ వేశారు.

అతను ఏదో ప్రోగ్రాం పెట్టి, చెరిపేసినవాటి కోసం పొద్దు వాలేదాకా వెతికాడు. ముక్కలు దొరికాయి. ఒకదాంట్లో వట్టి దగ్గు. ఇంకొకదాంట్లో అక్క మెల్లగా అంటోంది: "అప్పుడు బయపడద్దు తల్లీ, అది..." అంతే. తలుపు వేసుకుని చెప్పినదాంట్లోని ముక్క అది. నా స్నేహితుడు హెడ్‌ఫోన్ నా చేతికిచ్చి, టీ తెస్తానని బయటికి వెళ్లిపోయాడు.

అక్క ఇంటికొచ్చాక చెప్పాను. మెడకు కట్టు ఉంది. అంతా విని పెదవులు కదిపింది. నాకు అర్థం కాలేదు. ఇంకోసారి కదిపింది. పోనీలే అంటోంది. నా చెయ్యి నొక్కి గోడవైపు తిరిగి పడుకుంది. వీపు అదురుతూ ఉంది. గదిలో చప్పుడేమీ లేదు.

బావ కొత్త మెమరీ పలక వేయించాడు. ఆ తర్వాత ఆ ల్యాప్‌టాప్ ఎప్పుడూ ఆగిపోలేదు. అక్కను బళ్లో పాఠాలు తప్పించి ఆఫీసు పనికి వేశారు. ప్రశ్నపత్రాలన్నీ ఆమే దాంట్లో టైపు చేసేది.

పాప స్కూలుకు పోతున్న రోజుల్లో ఒకసారి వాకిట్లో కూర్చుని అడిగింది.

"మామా, మా అమ్మ ముందు ఎట్ల మాట్లాడేది?"

"గట్టిగా. నన్ను పిలిస్తే వీధి కొసదాకా ఇనపడేది."

"నా మాదిరా?"

"నీకంటే లావు గొంతు. నవ్వేటప్పుడు..."

తల ఎత్తితే వంటింటి గడపలో అక్క నిలబడి ఉంది. తడి చేతులు చీరకు తుడుచుకుంటూ, నేనేం చెబుతానో అని వింటోంది.

"ఇంకా సెప్పు మామా" అంది పాప.

అక్క నా మొహంలోకే చూస్తోంది.