సీడీ బావ కడుపుమంట

సీడీ బావకి కుళ్ళు. ఈ మాట ఆయన చాటున అనేది కాదు, మొహం మీదే అంటారు, ఆయనా కాదనడు. అయితే అది అందరికీ ఉండే కుళ్ళు లాంటిది కాదు. పక్కింటివాడు మేడ కట్టినా, తోడల్లుడు కారు కొన్నా బావకి చీమ కుట్టినట్టైనా ఉండదు. ఆయన కుళ్ళంతా పాటల మీద. ఏ పాటైనా సరే, ఆయన సీడీల షాపు గడప దాటాకే మనుషుల చెవుల్లో పడాలి. వేరే దారిన పడిందా, ఇక ఆయన కడుపు భగ్గుమనేది.

ఒకరోజు ఇంట్లో అక్క గిన్నెలు తోముతూ ఏదో కొత్త పాట కూనిరాగం తీస్తోంది. అప్పుడే వచ్చిన బావ చెప్పులు విప్పబోతూ గుమ్మంలోనే ఆగిపోయాడు.

“ఆ పాట మన షాపులోకి ఇంకా రాలేదే?”

“రాలేదా?”

“రాలేదు. ఎక్కడ విన్నావ్?”

“పక్కింటావిడ రేడియో పెట్టుకుంది. గోడ అవతల్నుంచి వినపడింది. చెవులు మూసుకుని గిన్నెలు తోమమంటారా?”

“ఎంతసేపు విన్నావ్?”

“పాట ఎంతసేపుంటే అంతసేపు!”

ఆ పూట కూరలో ఉప్పు లేదన్నాడు బావ. మంచినీళ్ళు కూడా చప్పగా ఉన్నాయన్నాడు. మర్నాడు ఎక్కడినుంచో ఆ సీడీ తెప్పించి, అక్కని కుర్చీలో కూర్చోబెట్టి మొదటినుంచి చివరిదాకా వినిపించాడు. “ఇప్పుడు విన్నట్టు. నిన్నటిది విన్నట్టు కాదు,” అని తేల్చేసి, అప్పుడు గానీ స్థిమితపడలేదు.

ఇవన్నీ దగ్గరుండి చూసినవాడు అక్క తమ్ముడు, అంటే బావకి స్వయానా బావమరిది. చూడడమే కాదు, అందరికంటే ఎక్కువ పడ్డవాడు కూడా అతనే.

బావ షాపు అంత పెద్దదేం కాదు. రెండు గోడలకీ నేలనుంచి పైకప్పుదాకా అరలు, ఆ అరల్లో వీపులు చూపిస్తూ ఒరుసుకుని నిలబడ్డ సీడీలు. మధ్యలో బల్ల, బల్ల మీద ప్లేయరు, మూలలకి రెండు స్పీకర్లు, వచ్చినవాళ్ళు కూర్చోడానికి నాలుగు ప్లాస్టిక్ స్టూళ్ళు. గీతలు పడ్డ సీడీలు తెస్తే బావ వైద్యం చేసేవాడు. మెత్తటి గుడ్డ వేలికి చుట్టి, మధ్య కన్నం దగ్గర్నుంచి అంచుదాకా తిన్నగా తుడిచేవాడు. గుండ్రంగా తుడిచేవాళ్ళని మనుషుల్లో జమకట్టేవాడు కాదు. తుడిచే ముందు సీడీని లైటు వైపు వంచి, డాక్టరు ఎక్స్‌రే చూసినట్టు చూసేవాడు.

“ఇది మీ చిన్నాడి వేలు,” అన్నాడొకసారి లెక్కల టీచరుతో.

“మీకెలా తెలుసండీ?”

“జామ్ ఉంది. మీ ఆయన తీపి ముట్టరన్నారుగా. అది సరే, ఈ పక్క గీత మాత్రం మీ ఇంట్లో పడింది కాదు. మీ ప్లేయరు నేనిచ్చిందే, అది ఇలా గీకదు. ఇంకెవరింట్లోనో పెట్టి విన్నారు. ఎవరింట్లో?”

క్లాసులో నలభై మందిని గడగడలాడించే టీచరు తలదించుకుని, ఆడపడుచు ఇంట్లో అని ఒప్పుకుంది. బావ సీడీ బాగుచేసి ఇచ్చాడు గానీ, ఆ ఆడపడుచు ఎవరో కనుక్కునేదాకా ఊరుకోలేదు.

కాలానికి ఎవరి కుళ్ళూ పట్టదు కదా. ఫోన్లలో పాటలు పట్టే రోజులొచ్చాయి. సరిగ్గా అప్పటికి బావమరిది రెండు వ్యాపారాలు పెట్టి రెండూ ముంచి ఉన్నాడు. చెప్పుల షాపు పెడితే చివరికి ఎడమకాలి చెప్పులే మిగిలాయి. జిరాక్స్ మిషను పెడితే అది కాగితాలు నమలడం తప్ప ఏమీ నేర్చుకోలేదు. అతనికి పిల్లనిచ్చిన మామగారికి కలప అడితి ఉంది. ఆయన అల్లుణ్ణి పిలిచి ఎంతో మర్యాదగా చెప్పాడు: “ఈసారి కూడా మునిగితే మొహమాటపడకు బాబూ. మన అడితికి వచ్చెయ్. దుంగలు కొలుద్దువుగాని.”

ఆ మామగారి కింద దుంగలు కొలవడమంటే ఏమిటో ఊహించుకుంటేనే బావమరిదికి ఒళ్ళు జలదరించింది. చచ్చో చెడో ఈసారి నిలబడాలి. ఫోన్లు అమ్ముతూ, చిన్న చిన్న మెమరీ కార్డుల్లోకి పాటలు ఎక్కించి ఇచ్చే షాపు పెడదామనుకున్నాడు. వీధంతా గాలిస్తే ఖాళీ గది ఒక్కటే దొరికింది, బావ షాపుకి సరిగ్గా ఎదురుగా.

భయపడుతూనే వెళ్ళి చెప్పాడు.

“పెట్టుకోరా. నాకేం?” అన్నాడు బావ.

“నీకేం బాధ లేదుగా బావా?”

“నాకెందుకురా బాధ! గది నీది, గోల నీది.”

షాపు తెరిచిన రోజున బావ అందరికంటే ముందొచ్చి, చల్లగా ఉండమని దీవించి వెళ్ళాడు. వెళ్ళిన వెంటనే, అన్నేళ్ళుగా ప్లేయరు వైపు తిరిగి ఉన్న తన కుర్చీని ఎత్తి వీధి వైపు తిప్పాడు. ఇక అప్పట్నుంచి కళ్ళల్లో నిప్పులు పోసుకుని ఎదురు షాపుకేసి చూస్తూ కూర్చునేవాడు.

కూర్చున్నవాడు ఊరికే కూర్చున్నా బాగుండేది. సీడీ కోసం ఎవరొచ్చినా వాళ్ళని నిలబెట్టి మొదలుపెట్టేవాడు.

“ఆ ఎదురు షాపుకి మాత్రం వెళ్ళకండి! గోరంత ముక్కలో వెయ్యి పాటలు కుక్కి ఇస్తున్నాడు. మనిషన్నవాడికి వెయ్యి పాటలెందుకండీ?”

“వెయ్యి పడతాయా?” అనేవాడు బండిలోకి సీడీలు కొనడానికొచ్చే వ్యాన్ డ్రైవరు.

“పడతాయి. అదేగా నా ఏడుపు! పైగా దానికి గీత పడదు. గుంటలో బండి ఎగిరినా పాట ఎగరదు. పాటన్నాక కాస్త ఎగరొద్దూ? ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో సీడీ పట్టుకుని మార్చుకోవడంలో ఉన్న మజా ఉంటుందా అందులో? నొక్కితే చాలు, పాడేస్తుందట! ఎంత అన్యాయం!”

వ్యాన్ డ్రైవరు కాసేపు ఆలోచించి, బావ వైపు జాలిగా చూసి, వీధి దాటేవాడు.

లెక్కల టీచరు వస్తే బావ ఇంకో రకంగా ఏడ్చేవాడు. “పిల్లాడు జామ్ చేత్తో పట్టుకున్నా దానికేం కాదటండీ. ఇలా అయితే పిల్లలకి భయభక్తులెలా వస్తాయి?” ఆవిడ కూడా సంచి సర్దుకుని వీధి దాటేది.

మధ్యలో బళ్ళ మోత కాబట్టి బావమరిదికి ఆ మాటలన్నీ వినపడేవి కావు. ‘ఎదురు షాపు’, ‘అన్యాయం’, ‘నా ఏడుపు’, ఈ మూడు మాత్రం ఖణేల్మని వినపడేవి. అతనికి ఒళ్ళు మండిపోయేది. అక్క దగ్గరకెళ్ళి మొరపెట్టుకున్నాడు.

“అక్కా, బావ పొద్దస్తమానం నా మీద పడి ఏడుస్తున్నాడు.”

“ఏడవనీరా. మీ బావ ఏడవని రోజు ఏది?”

“సొంత బావమరిది కడుపు కొట్టడం న్యాయమా?”

“నీ కడుపు బానే ఉందిగా,” అంది అక్క, తమ్ముడి బొజ్జ వైపు చూసి.

అదీ నిజమే. షాపు బాగానే నడుస్తోంది. అయినా బావమరిదికి సుఖం లేదు. ఎందుకంటే కుళ్ళులో అతను బావకేం తీసిపోడు, పైకి చెప్పుకోడు, అంతే తేడా. కార్డులోకి పాటలు ఎక్కడానికి కాస్త టైము పడుతుంది. ఆ కాసేపు జనం అతని దగ్గర కూర్చోరు. ఫోను చేతిలో పడేసి, “ఎక్కాక కేకెయ్యి,” అని మళ్ళీ వీధి దాటి బావ స్టూళ్ళ మీదకే చేరేవాళ్ళు. అక్కడ సీడీ తిరుగుతూ ఉండేది, బావ కుళ్ళుకుంటూ ఉండేవాడు, జనం పగలబడి నవ్వుతూ ఉండేవాళ్ళు. బేరాలు ఇక్కడ, నవ్వులు అక్కడ. పట్టుదల వచ్చి బావమరిది కూడా నాలుగు స్టూళ్ళు కొన్నాడు, కుషన్లున్నవి. వాటి మీద ఛార్జర్ల పెట్టెలు తప్ప ఎవరూ కూర్చోలేదు. ‘నాకు లేనిది ఏముంది ఈయన దగ్గర?’ అని కుమిలిపోయేవాడు.

అలా ఉండగా బావకి గొంతు పోయింది. ఏళ్ళ తరబడి వాడిన గొంతు, ఒక పొద్దున లేచేసరికి పలకలేదు. డాక్టరు నోట్లోకి టార్చి వేసి చూసి, కొన్నాళ్ళు నోరు కట్టేసుకోకపోతే ఇక ఎప్పటికీ తెరిచే అవసరం రాదని బెదిరించాడు. గుసగుసలు కూడా కూడదన్నాడు. మాట్లాడకపోతే తిన్నది అరగని మనిషికి ఎంత శిక్ష! గొంతు పోయిందని నలుగురికీ చెప్పుకుందామన్నా గొంతుండాలి కదా. ఎవరైనా వస్తే చేతులు గాల్లో తిప్పి, ఎదురు షాపు వైపు చూపించి, గట్టిగా ఊపిరి వదిలి ఊరుకునేవాడు. జనానికి అది బోధపడక వెళ్ళిపోయేవాళ్ళు.

బావమరిది సంబరం చెప్పనలవి కాదు. పీడ విరగడైంది, ఇక తన షాపుకి తిరుగులేదనుకున్నాడు. కొత్త కార్డులు, రంగురంగుల కవర్లు తెప్పించి అద్దాల వెనక పేర్చాడు. విచిత్రమేమిటంటే, బేరాలు పెరక్కపోగా తగ్గడం మొదలుపెట్టాయి. మొదట వానల వల్ల అనుకున్నాడు. వానలు వెలిశాక ఎండల వల్ల అనుకున్నాడు. చివరికి ఏ వంకా మిగల్లేదు. ఆ సమయంలోనే మామగారు ఫోను చేసి, ఇంట్లో అందరి క్షేమం అడిగి, పెట్టేసేముందు, “దుంగలు కొలవడానికి కొత్త టేపు తెప్పించాను బాబూ,” అన్నాడు.

బావమరిదికి ఆ టేపు మెడకి చుట్టుకున్నట్టే అనిపించింది.

ఆ మధ్యాహ్నం వ్యాన్ డ్రైవరు రెండు షాపుల మధ్య నిలబడి అటూ ఇటూ చూస్తుంటే పరిగెత్తుకెళ్ళి చెయ్యి పట్టుకున్నాడు.

“ఏంటన్నా, మా వైపు రావడమే మానేశావ్?”

“ఏమనుకోకు తమ్ముడూ. నీ షాపు దెబ్బతిందటగా?”

“ఎవరన్నారు?”

“ఎవరూ అనలేదు. అనకపోబట్టే కదా అనుమానం! మీ బావగారు ఏడవడం మానేశారు.”

“ఆయనకి గొంతు బాలేదన్నా!”

“గొంతా?” వ్యాన్ డ్రైవరు నోరు తెరిచాడు. “మేమింకా నీ దగ్గర ఏడవడానికి ఏమీ మిగల్లేదు కాబోలు అనుకున్నాం. అంత కుళ్ళుబోతు కూడా ఊరుకున్నాడంటే ఇక ఆ సరుకులో సారం లేనట్టే కదా!”

“అయితే ఇన్నాళ్ళూ నువ్వు నా దగ్గరకి వచ్చింది...”

“ఆయన ఏడుపు వినే! గుంటల్లో పాట ఎగరదని నాకు చెప్పింది ఎవరనుకున్నావ్? టీచరమ్మకి చెప్పిందెవరు? మన వీధి టైలరుకి చెప్పిందెవరు?”

బావమరిది షాపుకి తాళం కూడా వెయ్యకుండా అక్క ఇంటికి పరిగెత్తాడు. అక్క వంటింట్లో కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది.

“అక్కా, బావ నా గురించి జనంతో ఏం చెప్పేవాడో నీకు తెలుసా?”

“తెలియకేం? పొద్దున్నే కాఫీ తాగుతూ నన్నే అడిగేవాడు, ఇవాళ వాడి మీద ఏమని ఏడవమంటావ్ అని. జామ్ చేతుల సంగతి నేను చెప్పిందే. స్టీరింగు మాట కూడా నాదే. గోరంత ముక్క మాత్రం మీ బావ సొంతం.”

“మరి నాతో ఒక్క మాట చెప్పచ్చుగా!”

“చెబితే నీ మొహం చూసి జనం కనిపెట్టేస్తారన్నాడు. ఏదైనా దాచే మొహమా నీది?”

“తన సీడీలు కొనేవాళ్ళనే నా దగ్గరకి తోలాడా!”

“నువ్వు ఆ అడితి పాలైతే నేను దిగులు పడతానని ఆయన దిగులు,” అంది అక్క, కత్తి ఆపకుండానే.

బావమరిదికి సిగ్గేసింది. బావ మీద ఎన్నడూ లేనంత ప్రేమ పొంగుకొచ్చింది. కళ్ళు చెమర్చింది ఉల్లిపాయల వల్లేనని చెప్పుకోడానికి వీలుగా ఆ పళ్ళెం పక్కనే కాసేపు కూర్చుని, లేచి సీడీల షాపుకి వెళ్ళాడు.

బావ ఒక్కడే ఉన్నాడు. గుడ్డ వేలికి చుట్టుకుని, ఎవరూ అడగని సీడీని తుడుస్తున్నాడు.

“బావా, నాకంతా తెలిసిపోయింది. నా షాపు మంచిదని మెచ్చుకునే పంపచ్చుగా, ఏడవడమెందుకు?”

బావ వీధిలోకి తొంగి చూసి, ఎవరూ లేరని నిర్ధారించుకుని, డాక్టరు కట్టిన నోరు విప్పాడు. గొంతు బొంగురుగా వచ్చింది. “మెచ్చుకుంటే ఎవడు నమ్ముతాడ్రా? బావమరిదిని వెనకేసుకొస్తున్నాడంటారు. ఏడిస్తే ఠక్కున నమ్ముతారు.”

“అంటే ఆ కుళ్ళంతా ఉత్తిదేనా?”

బావకి ఎక్కడలేని కోపం వచ్చింది. “ఉత్తిదా! ఎవడ్రా ఆ కూత కూసింది? నాది నిఖార్సైన కుళ్ళు! నీ షాపులోకి ఒక్కడు అడుగు పెడితే ఇప్పటికీ ఇక్కడ మండుతుంది నాకు. చూడు ఈ సీడీలు, ఎంత మంచివో! ఇక కొనేవాడు లేడు, రాడు కూడా. ఆ సంగతి నీకంటే ముందే నాకు తెలుసు. మంట ఎలాగూ ఉంది కదా, ఊరికే పోనివ్వడమెందుకని తెచ్చి నీ పొయ్యి కింద పెట్టాను.”

బావమరిది ఒక స్టూలు లాక్కుని బావ పక్కనే కూర్చున్నాడు. “ఇది మూసేసి నా దగ్గరకి వచ్చెయ్ బావా. ఈ ప్లేయరు, ఈ అరలు అన్నీ అక్కడే పెట్టుకుందాం. కుషన్ స్టూళ్ళున్నాయి. జనం నీ చుట్టూ చేరి కూర్చుంటారు.”

“కుషన్లా?” అన్నాడు బావ. ఒక్క క్షణం ఆశగా చూసి, తల అడ్డంగా ఊపాడు. “కుదర్దురా. నీ పక్కన కూర్చుంటే నేనెవరి మీద ఏడవాలి? రేపు కార్డులూ ఉండవట, పాట గాల్లోంచే దిగుతుందట. అప్పుడు వస్తాలే, ఇద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చుని దాని మీద ఏడుద్దాం. ముందు నువ్వు ఇక్కణ్ణించి బయల్దేరు. మనిద్దరం నవ్వుకుంటూ ఎవడి కంటైనా పడ్డామంటే నీ వ్యాపారం మునిగిపోతుంది.”

అవతల టైలరు ఫోను చేత్తో పట్టుకుని రానే వస్తున్నాడు. బావమరిది లేచి, మొహం చేతనైనంత కోపంగా పెట్టుకోడానికి నానా తంటాలు పడుతూ వీధి దాటాడు.