ఐదు తెరలు, ఒక సోమవారం

మొన్న మా అమ్మాయి తన లాప్‌టాప్‌ని వైరు లేకుండానే గోడమీది టీవీకి కలిపితే, అది ఎవరూ చెప్పకుండానే తెర కొలత తెలుసుకుని అక్షరాల్ని సరిపెట్టేసుకుంది. నాకు నవ్వాగలేదు. ఎందుకమ్మా అని అడిగింది గానీ, ఆ నవ్వు మన వయసువాళ్ళకి చెప్పుకుంటేనే బాగుంటుంది.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులు. బందరు దగ్గర సముద్రంలో వేటకెళ్ళే కుటుంబం మాది, నెలజీతానికి గడప దాటిన మొదటి మనిషిని నేను. కూతురు చల్లపల్లి బడిలో కంప్యూటర్ టీచరని మా నాన్న పేటంతా చెప్పుకు తిరిగాడు. నా గదిలో ఐదు కంప్యూటర్లు, అన్నిట్లోనూ విండోస్ బదులు లినక్స్. సాయంత్రం తెరల అమరిక సరిచేసి, సేవ్ చేసి మరీ వెళ్తే, పొద్దున్నే అక్షరాలు గుమ్మడికాయలంతై, నొక్కాల్సిన బటన్ తెర అంచు దాటి పోయేది. లావుపాటి పుస్తకాలు తిరగేశాను, ఫైళ్ళు మార్చి మార్చి రాశాను, ఫలితం సున్నా. సోమవారానికి బాగవకపోతే విజయవాడ నుంచి వేరే మనిషిని పెట్టుకుంటామని హెడ్మాస్టరుగారు మెత్తగానే చెప్పారు. పేటలో నాన్న మొహం ఎలా చూడాలన్నదే నా దిగులు.

హెడ్మాస్టరుగారి గదిలోనూ అదే రకం కంప్యూటరు, అదే లినక్స్, దాని తెర మాత్రం ఏనాడూ చెదరలేదు. శనివారం దానిముందు కూర్చుని తేడా ఏమిటని బుర్ర బద్దలు కొట్టుకున్నాను. దానిమీద నా చెయ్యి పడకపోవడమే తేడా!

ఉరిమితే ఇంట్లో వైర్లన్నీ పీకెయ్యడం మా అమ్మ నేర్పిన పద్ధతి. నేను మబ్బు కోసం కూడా చూడకుండా, రోజూ ఇంటికెళ్ళేముందు ప్లగ్గులతోపాటు తెరల వైర్లూ పీకేసేదాన్ని. పొద్దున్న టైము కలిసొస్తుందని ముందు కంప్యూటర్లు ఆన్ చేసి, అవి లేస్తుండగా తెరల వైర్లు ఒక్కొక్కటే తగిలించేదాన్ని. లేస్తూనే చూసుకుంటే ఎదుట తెర లేక, దాని కొలత తెలియక, పాపం అవి చిన్న కొలతతోనే సరిపెట్టుకునేవి, అది పెద్ద తెరమీద సాగి అక్షరాలు గుమ్మడికాయలయ్యేవి.

సోమవారం పొద్దున్న, ముందు తెరల వైర్లు తగిలించి, ఆ తర్వాతే స్విచ్చి వేశాను. ఐదు తెరలూ తేటగా వెలిగాయి. దాచుకోబుద్ధి కాక, తప్పు లినక్స్‌ది కాదండీ, నాదేనండీ అని హెడ్మాస్టరుగారితో చెప్పేశాను. ఆయన పెద్దగా నవ్వి, "తప్పెక్కడుందో నువ్వే పట్టుకున్నావు కదమ్మా, ఇంక విజయవాడ మనిషెందుకు?" అన్నారు. ఆ మాట ఆ సాయంత్రానికే మా పేటంతా తెలిసింది, ఎవరు చెప్పి ఉంటారో మీకు తెలుసు.

ఇప్పుడు తెరలు తమంతట తామే అన్నీ తెలుసుకుంటున్నాయి, సుఖమే, కాదనను. మబ్బు పడితే మాత్రం నా చెయ్యి ఇంకా గోడవైపే వెళ్తుంది. పీకడానికి అక్కడ వైరుండదు, పరుగున వెళ్ళి చెబితే పేటంతా చాటడానికి నాన్నా లేడు.