మంచులో ఉక్కపోసిన మా తాతయ్య

మా తాతయ్య డాక్టరు సామ్యేలుగారికి చలి వేయదు. నామాట నమ్మకపోతే రాజమండ్రిలో ఎవరినైనా అడగండి. హిమాలయాల్లో మంచు ఇన్నాళ్ళు కరగకుండా నిలిచిందంటే మా తాతయ్య అటువైపు వెళ్ళకపోవడమే కారణం. వెళ్ళి ఒక్కసారి "అబ్బ, ఏం ఉక్క" అన్నాడా, గోదావరికి వరద వచ్చేస్తుంది. గోదావరి హిమాలయాల్లో పుట్టదని మా పంతులుగారు అనేవారు గానీ, భూగోళం సగంలో ఉండగానే నేను బడి మానేశాను కాబట్టి ఆ పూచీ నాది కాదు.

డిసెంబరులో ఏటి మీద నుంచి పొగమంచు వచ్చి వీధులన్నీ కప్పేస్తుంది. ఊరంతా దుప్పట్లు ముసుగేసుకుని, మొహం ఎక్కడుందో తెలియకుండా తిరుగుతుంటుంది. అప్పుడు మా తాతయ్య పలచటి చొక్కా తొడుక్కుని, వీధరుగు మీద కూర్చుని, తాటాకు విసనకర్రతో విసురుకుంటాడు.

"ఏమండీ, ఆ శాలువా కప్పుకోండి" అంటుంది మా నానమ్మ సంపూర్ణమ్మ.

"శాలువానా? ఈ ఉక్కలోనా? నన్ను ఉడకబెడదామనుకున్నావా?"

"ఉక్కేంటండీ, చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకుని ఉంటేను."

"అవి గాలి కోసం లేచాయి."

వైద్యం కూడా అంతే. చలిజ్వరంతో ఎవరైనా దుప్పట్ల కింద వణుకుతుంటే, తాతయ్య మంచం పక్కన కూర్చుని చొక్కా గుండీలు విప్పుకుని, "ఏంటయ్యా మీ ఇంట్లో ఈ ఉక్క" అని విసురుకుంటాడు. రోగికి అనుమానం వస్తుంది. అనుమానంతో చెమట పడుతుంది. చెమట పడితే జ్వరం దిగుతుంది. సగం ఊరికి ఆయన ఇచ్చిన మందు ఇదేనని మా నానమ్మ అంటుంది. మిగతా సగానికి సీసా మందు ఇచ్చాడు గానీ, వాళ్ళు అంత తొందరగా లేవలేదు.

క్రిస్మస్ నాడు తెల్లవారుజామున గుడిలో కొవ్వొత్తులు పట్టుకుని పాడుతుంటే, తాతయ్య విసనకర్ర దెబ్బకు ముందు వరసలో దీపాలన్నీ ఆరిపోయాయి. పాదిరిగారు ప్రార్థన ఆపి, "డాక్టరుగారూ, దేవుడు వెలుగు కలుగును గాక అన్నాడండి" అన్నారు. "విసరవద్దని అనలేదు కదండి" అన్నాడు తాతయ్య. అప్పట్నుంచి ఆయన్ని వెనక వరసలో, తలుపు పక్కన కూర్చోబెడుతున్నారు. అక్కడ చలి మరీ ఎక్కువ.

చిత్రమేమిటంటే, మే నెలలో రోడ్డు మీద కుక్కలు కూడా నీడ కోసం కొట్టుకునేటప్పుడు ఈయన ఉక్క మాటెత్తడు. "ఇప్పుడు అందరికీ ఉక్కే, నేను వేరే చెప్పాలా" అంటాడు.

ఇక కోటు సంగతి చెప్పాలి. ఏటా క్రిస్మస్‌కు మొగల్తూరు దగ్గర సముద్రపొడ్డు నుంచి ఇద్దరు ముసలివాళ్ళు కాలవ పడవలో వస్తారు. లోవరాజు తాత, పల్లంరాజు తాత. మా ముత్తాత ఆ ఊరి మిషను బళ్ళో పంతులుగా ఉన్నప్పుడు తాతయ్యతో కలిసి ఉప్పునీళ్ళలో ఈతకొట్టిన స్నేహితులు. పల్లంరాజు తాత బుట్టెడు ఎండు చేపలు తెస్తాడు. లోవరాజు తాత ఒంటిమీద మోకాళ్ళ దాకా నల్లటి ఉన్ని కోటు వేసుకుని, కాలవ గట్టు నుంచి మా ఇంటికొచ్చేసరికి చెమటతో తడిసిపోయి ఉంటాడు.

ప్రతి ఏడూ వాళ్ళ మాటలు ఇవే.

"ఇదిగోరా సామేలూ, నీ కోటు తెచ్చాను. తీసుకో."

తాతయ్య విసనకర్ర వేగం పెంచుతాడు. "ఇప్పుడా? ఈ ఉక్కలో కోటు నేనేం చేసుకోనురా? వచ్చే ఏడు తే."

"పోయినేడూ అదే అన్నావు."

"పోయినేడూ ఉక్కే."

లోవరాజు తాత బుద్ధిగా మళ్ళీ గుండీలు పెట్టేసుకుంటాడు. ఒకడు చెమటలు కక్కుతూ కోటులో, ఒకడు వణుకుతూ విసనకర్రతో, ఎదురెదురుగా కూర్చుని కాఫీ తాగుతారు. పిచ్చాసుపత్రి మా వీధిలో కట్టకపోవడం దొరలు చేసిన పొరపాటు.

ఈ ఏడు తాతయ్య రోగిని చూడటానికి వెళ్ళగానే పట్టుకున్నాను. "లోవరాజు తాతా, ఈ కోటు గొడవేంటి?"

"గొడవేముందమ్మా. లండన్‌లో పట్టుకోమన్నాడు, పట్టుకున్నాను. ఇంకా పట్టుకునే ఉన్నాను."

మా తాతయ్య వైద్యం చదవడానికి లండన్‌లో ఉన్నాడట. ఆ చలికాలంలో వీళ్ళిద్దరూ కళాసీలుగా పనిచేసే ఓడ అక్కడ రేవులో ఆగింది. స్నేహితుడు ఊళ్ళోనే ఉన్నాడని వెతుక్కుంటూ వెళ్ళారు. ఒంటిమీద నూలు చొక్కాలు, అంతే. లోవరాజు తాతకు అప్పటికే దగ్గు.

"సామేలు నా వీపుకు చెవి ఆనించి విని, గదిలో పడుకోమన్నాడు" అన్నాడు లోవరాజు తాత. "నేను వినలేదు. రాణిగారి ఇల్లు చూసి వచ్చి చెప్పమంది మా ఇంటిది. కడుపుతో ఉంది. చూడకుండా ఏ మొహం పెట్టుకుని వెళ్తాను?"

"వీడి దగ్గు కానీ ఓడ సరంగు విన్నాడంటే అక్కడి ఆసుపత్రిలో దింపేసి పోతాడమ్మా" అన్నాడు పల్లంరాజు తాత. "అలా దిగినవాళ్ళు మళ్ళీ ఊరు చేరగా మేం చూడలేదు. పోనీ సామేలు కోటు తీసుకోరా అంటే వీడు వింటేనా. ఒకడి ఒంటిమీద బట్ట నేను కట్టనంటాడు. నీళ్ళలో పడి చచ్చినా తాడు ఎవరిదని అడిగే రకం."

సరే, ముగ్గురూ బయల్దేరారు. మంచు పడుతోంది. ఎవరో ఉప్పు ఆరబోసుకుని ఎత్తడం మర్చిపోయారనుకున్నాడట లోవరాజు తాత. పాత కోట దగ్గరికి వెళ్ళేసరికి తాతయ్య ఆగి, "అబ్బ, ఏం ఉక్కరా" అని మెడకు చుట్టుకున్న ఉన్ని గుడ్డ తీసేశాడు. "లోవా, కాసేపు ఇది పట్టుకో. ఇవ్వడం కాదు, పట్టుకోమంటున్నాను."

"చేత్తో పట్టుకున్నాను. వేళ్ళు కొంకర్లు పోయాయి. మెడకు చుట్టుకున్నాను."

పెద్ద గుడి దగ్గర చేతి తొడుగులు పల్లంరాజు తాతకు. ఏటి వంతెన మీద టోపీ. అలా తాతయ్య ఒక్కో వింత చూపిస్తూ ఒక్కో బట్ట విప్పుకుంటూ లండనంతా తిరిగాడు. రాణిగారి ఇంటి ముందుకు వచ్చేసరికి కోటు మిగిలింది. అదీ విప్పాడు.

"చేత్తో పట్టుకుంటానన్నాను. 'మడత పడితే పాడవుతుంది, వేసుకుని పట్టుకో' అన్నాడు."

"పోలీసు దొర వచ్చాడమ్మా" అన్నాడు పల్లంరాజు తాత. "మంచులో చొక్కాతో నిలబడి ఎందుకు చేత్తో విసురుకుంటున్నావని అడిగాడు. మీ తాత ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. ఆ దొర ఈయన నోరు వాసన చూసి వెళ్ళిపోయాడు."

మర్నాడు ఓడ దగ్గర కోటు విప్పబోతే, "ఇప్పుడు మోయలేనురా, ఉక్కగా ఉంది, ఊళ్ళో ఇద్దువుగాని" అని తాతయ్య వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడట. దారిపొడవునా దగ్గు ఆ కోటులోనే దాక్కుంది. సరంగు వినలేదు. కాకినాడలో దిగి ఇంటికెళ్ళేసరికి లోవరాజు తాతకు కూతురు పుట్టి ఉంది. వీరవేణి అత్త. ఆవిడే ఏటా ఆ కోటు చిరుగులు కుట్టి పంపిస్తుంది.

"అయితే తాతా, ఆయనకు నిజంగానే ఉక్కపోసిందని నమ్మావా?"

లోవరాజు తాత కోటు అంచుతో నుదురు తుడుచుకున్నాడు. "పెదాలు నేరేడుపండులా నల్లబడితే ఉక్కేంటమ్మా. పళ్ళు టకటకమంటుంటే సగం మాటలు వినబడనే లేదు. తెలిసిందని అంటే కోటు విప్పి ఇచ్చేయాలి. ఇంటికి చేరాలనిపించింది. నోరు మూసుకుని పట్టుకున్నాను." మళ్ళీ గుండీలు సర్దుకుంటూ, "తర్వాత చెబుదామనుకున్నాను గానీ, వాడు విసనకర్రతో అంత కష్టపడుతుంటే ఎలా చెప్పను?" అన్నాడు.

వాళ్ళు పడవెక్కి వెళ్ళాక తాతయ్య పక్కన చేరాను. అరుగు మీద చలికి నా దవడలు కొట్టుకుంటున్నాయి. ఆయన విసురుకుంటూనే ఉన్నాడు.

"తాతయ్యా, లోవరాజు తాతకు అంతా తెలుసంట. ఆ రోజే తెలుసంట. ఇంక నువ్వు శాలువా కప్పుకోవచ్చు. వచ్చే ఏడు కోటు తీసేసుకోవచ్చు."

"వాడికి తెలుసని నాకు తెలీదనుకున్నావా? కోటు తీసేసుకుంటే వాడు మళ్ళీ ఎందుకొస్తాడే, మొద్దూ. వాగడం మాని ఈ విసనకర్ర అందుకో. చెయ్యి నొప్పెడుతోంది, నువ్వు విసురు."