మాగ్నెటోలు లేని ఇంజను

దయ్యాల ప్రస్తావన తెచ్చినవారికి మా ఇంట్లో రెండోసారి కాఫీ ఇచ్చే అలవాటు లేదు. ఉత్తరాదిన ఒక ఫ్లయింగ్ క్లబ్బులో ముప్పై ఏళ్ళు చిన్న విమానాల ఇంజన్లు విప్పి బిగించినవాడిని. ప్రతి శబ్దానికీ కారణం ఉంటుందని, అది దొరకలేదంటే వెతికేవాడు సోమరి అని నమ్మి బతికాను. కనుక దీన్ని ఎవరూ దయ్యం కథగా చదవవద్దు. జరిగినది జరిగినట్టు రాస్తున్నాను. నా పేరు దేవదానం. మాది ముక్తేశ్వరం.

పదవీ విరమణ తరువాత, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, అమలాపురం నుంచి బండారులంక వెళ్ళే దారిలో ఒక ప్రైవేటు శిక్షణాలయంలో బోధకుడిగా చేరాను. గల్ఫ్ విమానాశ్రయాలలో పనికి కుర్రవాళ్ళను తయారు చేస్తామని దానికి బోర్డు. యజమాని సూర్యారావు గారు అక్కడ సామాన్ల విభాగంలో కొంతకాలం పనిచేసి వచ్చినవారు. ఆయన విమానాలను రోజూ చూసిన మాట నిజం. దూరం నుంచి.

మొదటి నెల నుంచే మా ఇద్దరికీ పడలేదు. ఆయనకు కావలసింది ఆర్భాటం. నాకు కావలసింది క్రమం.

అక్కడ ఒకే ఒక ఇంజను ఉండేది. మూలపడిన శిక్షణ విమానం నుంచి తీసిన నాలుగు సిలిండర్ల ఇంజను. దానిని ఇనుప చట్రం మీద బిగించి, వెనుక భాగం గోడ వైపు ఉండేలా రేకుల షెడ్డులో నిలిపారు. ముందు రెండు రెక్కల ప్రొపెల్లరు.

దీని సంగతి కొంచెం చెప్పాలి. విమానం ఇంజను పెట్రోలును మండించే నిప్పురవ్వ కోసం బ్యాటరీ మీద ఆధారపడదు. ఆకాశంలో బ్యాటరీ చచ్చినా ఇంజను ఆగకూడదు కనుక, దాని వెనుక మాగ్నెటోలని రెండు పరికరాలు ఉంటాయి. ఇంజను తిరిగితే వాటి లోపలి అయస్కాంతం తిరిగి తన విద్యుత్తు తానే పుట్టించుకుంటుంది. ప్రతి సిలిండరుకూ రెండేసి ప్లగ్గులు, ఒక్కో మాగ్నెటోకు ఒకటి. స్విచ్చి ఆపడమంటే ఆ విద్యుత్తును ఒక తీగ ద్వారా ఇంజను ఒంటిలోకి మళ్ళించి వృథా చేయడం మాత్రమే. ఆ తీగ తెగితే, స్విచ్చి ఆపి ఉన్నా మాగ్నెటో బతికే ఉంటుంది. అప్పుడు రెక్కను చేత్తో కదిపితే చాలు, ఇంజను అంటుకుంటుంది. అందుకే నా మొదటి పాఠం ఎప్పుడూ ఒకటే. ఆగి ఉన్న రెక్కను పడుకున్న పాముగా చూడాలి.

ఇంకొక్క మాట. ఎడమ మాగ్నెటోలో ఒక స్ప్రింగు ఉంటుంది. రెక్కను ఎంత నెమ్మదిగా తిప్పినా అది ముడుచుకొని, టక్కున విడివడి, అయస్కాంతానికి రవ్వ పుట్టించేంత వేగాన్ని ఇస్తుంది. ఆ టక్కుమనే శబ్దం ఇంజనులో మరి దేనికీ ఉండదు. నిద్రలో విన్నా గుర్తుపడతాను.

ఆ ఏడు దసరాకు ఆయుధ పూజ ఇంజనుకే చేయాలని సూర్యారావు గారు నిర్ణయించారు.

"పిల్లల తల్లిదండ్రులంతా వస్తారండీ. పూజయ్యేక ఓ అయిదు నిమిషాలు తిప్పి చూపించాలి," అన్నారు.

చట్రానికి పునాది బోల్టులు సరిగా లేవని, జనం మధ్య తిప్పితే చంపుతుందని చెప్పాను. బొట్లు పెట్టడానికైనా సరే, రెక్క మీద ఎవరూ చేయి వేయకూడదన్నాను.

"మీకు పూజంటేనే పడదు లెండి. చర్చికెళ్ళేవారికి ఎలా పడుద్ది?"

"ప్రభువే వచ్చి ఆశీర్వదిస్తానన్నా ఆ రెక్క మీద చేయి వేయనివ్వను."

"అయితే ఆ రోజు ఇంటికాడే కూర్చోండి. కాకినాడ నుంచి మనిషిని తెప్పించి తిప్పించుకుంటాను. ఇంజను నాది."

"ప్రాణాలు మీవి కావు," అన్నాను.

పండుగ ముందురోజు మధ్యాహ్నం, షెడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, రెండు మాగ్నెటోలనూ విప్పాను. అవి ఉన్న చోట రేకు బిళ్ళలు పెట్టి బిగించాను. గుడ్డల్లో చుట్టి, సంచిలో వేసుకొని, బస్సులో ముక్తేశ్వరం తెచ్చి ఇనుప బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా చొక్కా జేబులో. దొంగతనమంటారా, అనండి. అది సరైన పనేనని ఇప్పటికీ అంటాను. ఇంజను మండాలంటే గాలి, పెట్రోలు, రవ్వ కావాలి. గాలిని నేను ఆపలేను. పెట్రోలు ఆయన పోయించారు. రవ్వను ఇంటికి తెచ్చుకున్నాను.

మరునాడు ఉదయం పిలవకపోయినా వెళ్ళాను. నిజం చెప్పాలంటే, కాకినాడ మనిషి ఎంత తంటాలు పడినా ఇంజను కదలకపోవడం, అందరి ముందూ సూర్యారావు గారి ముఖం వాడిపోవడం చూడాలని వెళ్ళాను. షెడ్డు నిండా జనం. వెనుక భాగం గోడ వైపు ఉండటంతో మాగ్నెటోలు లేవన్న సంగతి ఎవరి కంటా పడలేదు. కాకినాడ మనిషి ఇంకా రాలేదు. నేను గుమ్మం దగ్గర చేతులు కట్టుకొని నిలబడ్డాను.

సూర్యారావు గారు నన్ను చూశారు.

"వచ్చేరా మాస్టారూ. దూరంగా ఉండండి, పాము కరుస్తుందేమో."

జనం నవ్వారు. హారతి పళ్ళెం పట్టుకున్న ఆయన భార్య సత్యవతి గారు కూడా నవ్వారు. కరవడానికి దానికి కోరలు లేవని నాకు ఒక్కడికే తెలుసు.

పంతులు గారు మంత్రం చదివారు. కొబ్బరికాయ కొట్టారు. సూర్యారావు గారు రెండు రెక్కలకూ పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేశారు. రెక్క నిలువుగా ఉండటంతో దండ జారిపోతోంది. దానిని అడ్డంగా తిప్పితే నిలుస్తుందని, కుడిచేత్తో పై రెక్క పట్టుకొని కిందికి లాగారు.

టక్.

నేను విన్నాను. మాగ్నెటో స్ప్రింగు విడివడిన శబ్దమది. బస్సు దారిన ఎన్నో ఊళ్ళ అవతల, నా బీరువాలో ఉన్న వస్తువు శబ్దం.

"చెయ్యి తియ్యండి," అని అరిచాను. ఆ మాట పూర్తి కాలేదు. ఇంజను మండింది. ఒక్క పేలుడు. ప్రొపెల్లరు రెండు చుట్లు తిరిగి ఆగింది. పొగగొట్టం నుంచి నల్లటి పొగ వచ్చింది. బంతి రేకులు జనం ముఖాల మీద పడ్డాయి. సూర్యారావు గారి ముంజేయి మోచేతికి కింద మరొక కీలు ఉన్నట్టు వేలాడింది.

నా తువ్వాలుతో కట్టు కట్టి, ఆయనతో పాటే కారులో ఆసుపత్రికి వెళ్ళాను. పోలీసులు తీసుకువెళ్ళేదాకా షెడ్డులోకి మళ్ళీ అడుగు పెట్టలేదు. ఈ సంగతి ముఖ్యం. దారి పొడుగునా ఆయన నన్ను తిట్టారు.

"ఈయనే చేసేడు. తీగ తెగ్గొట్టి, మాగ్నెటో బతికించి పెట్టేడు. నన్ను చంపుదామని. తన పాఠం నిజమని చూపించుకోడానికి."

"మాగ్నెటోలు ఇంజనుకు లేవు. నిన్ననే విప్పేశాను. మా ఇంట్లో ఉన్నాయి," అన్నాను.

సత్యవతి గారు నా వైపు తిరిగి అడిగారు. "మరి ఏం పేలిందండీ?"

నా ఉద్యోగ జీవితంలో అంత సరైన ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు.

హత్యాయత్నమని ఫిర్యాదు వెళ్ళింది. ఎస్సై గారు నన్ను ఆసుపత్రి నుంచే జీపులో ఎక్కించుకొని మొదట షెడ్డుకు తీసుకువెళ్ళారు. టార్చి వేసి ఇంజను వెనుక చూశారు. నేను బిగించిన రేకు బిళ్ళలు బిగించినట్టే ఉన్నాయి. అక్కడి నుంచి ముక్తేశ్వరం వచ్చి బీరువా తెరిపించారు. గుడ్డల్లో నేను చుట్టినవి చుట్టినట్టే ఉన్నాయి. కానిస్టేబులు ఎడమ మాగ్నెటోను చేతిలోకి తీసుకొని వెంటనే మంచం మీద పెట్టేశాడు.

"ఇదేంటండీ మాస్టారూ, పొయ్యి మీంచి దింపినట్టుంది?"

నేను ముట్టుకొని చూశాను. వేడిగా ఉంది. కుడిది చల్లగా ఉంది. స్ప్రింగు ఉండేది ఎడమదానికే.

ఎస్సై గారు కాగితం ముందు పెట్టుకున్నారు.

"సామాను ఇక్కడుంటే నేరం మీది కాదండీ. ఒప్పుకుంటాను. మరి ఇంజను ఎలా తిరిగిందని రాయమంటారు? దయ్యమని రాయనా?"

"రాయవద్దు," అన్నాను.

"అయితే మీరే చెప్పండి."

చివరికి ఎస్సై గారు కారణం తెలియదని రాసి, ఫిర్యాదు మూసేశారు.

నేను ఊరుకోలేదు. సిలిండరులో నొక్కుకున్న గాలి రెక్కను తన్నుతుందని కొందరంటారు. అది వెనక్కి నెడుతుంది, రెండు చుట్లు ముందుకు తిప్పదు, పొగ పుట్టించదు. లోపల ఎర్రగా కాలిన మసి రవ్వలా పనిచేస్తుందంటారు. అది వేడి ఇంజనులో మాట. ఆ ఇంజను వారం రోజులుగా తిరగలేదు. అది ఎక్కడో మనిషిని మింగిందని ఊరిలో పుకారు పుట్టింది. అది అంతకుముందు ఉన్న ఫ్లయింగ్ క్లబ్బుకు ఉత్తరం రాసి కనుక్కున్నాను. దాని వల్ల ఎవరూ చనిపోలేదు. ఎవరికీ గాయం కూడా కాలేదు.

తరువాత దానిని పాత ఇనుముకు అమ్మేశారు. రెక్కను విప్పడానికి ఎవరూ దగ్గరకు రాకపోతే నన్నే పిలిచారు. వెళ్ళి విప్పాను. రెక్కను చేత్తో పట్టుకొని పూర్తిగా ఒక చుట్టు తిప్పాను. ఏ శబ్దమూ రాలేదు.

కొన్నేళ్ళకు అమలాపురం బస్టాండులో సూర్యారావు గారు కనిపించారు. కుడిచేయి వంకరగా అతుక్కుంది. నమస్కారం ఎడమచేత్తో పెట్టారు, మర్యాదకు కాదు, ఆ కుడిచేయి నా కంట పడాలని.

"ఇప్పటికైనా ఒప్పేసుకోండి మాస్టారూ. కేసు పెట్టను. మీరే చేసేరని ఒక్క మాట."

"నేను చేయలేదు."

"అయితే దయ్యమేనంటారు."

"అనను."

"రెండిట్లో ఒకటే కదండీ అవుద్ది?"

"ఆయ్, ఒకటే," అన్నాను.

ఆయన ఉమ్మేసి బస్సు ఎక్కారు. నేను అక్కడే నిలబడ్డాను.

ఆయన మాట నిజమైతే నేను దుర్మార్గుడిని. కాని రవ్వ లేనిదే ఇంజను లేదని నేను ముప్పై ఏళ్ళు నమ్మిన మాట అలాగే నిలుస్తుంది. ఆ మాట దక్కడం కోసం, చేయని నేరం ఒప్పుకుందామా అని ఆ బస్సు కదిలేదాకా ఆలోచించాను.

ఒప్పుకోలేదు. నేను నిర్దోషిని. అంతకు మించి ఆ రోజు గురించి నాకు ఏమీ తెలియదు.