పెళ్లిచూపుల్లో కంప్యూటర్ వైద్యం

పెళ్లిచూపులకు వెళ్లినవాడు పిల్లని చూసి, కాఫీ తాగి, బుద్ధిగా బస్సెక్కాలి. నేను పిల్లని సగం చూసి, వాళ్ల కంప్యూటర్ని పూర్తిగా చూశాను. ఏ గతి పట్టిందో చెబుతాను, నవ్వుకోండి. మా అమ్మకి మాత్రం ఇప్పటికీ నవ్వు రాదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను తణుకులో కంప్యూటర్ పాఠాలు చెప్పేవాణ్ణి. అంటే ఊళ్లో సగం మందికి నేను సర్వజ్ఞుణ్ణి, నాకు నేను పూర్తిగా సర్వజ్ఞుణ్ణి. సంబంధం ధవళేశ్వరంలో. అమ్మాయి సుజాత ఎంసీఏ చదువుతోంది. ఫొటో చూసినప్పుడే మనసు పారేసుకున్నాను. ఈ సంబంధం తప్పిపోతే ఏమైపోతానో అని దారంతా బెంగగానే ఉంది.

కాజాలు తింటుండగా వాళ్ల నాన్న సూర్యారావుగారు, "మీరు కంప్యూటర్ల మనిషి కదండీ. మాదాన్ని కాస్త చూసిపెడతారా? రోజూ ఏదో అప్‌డేట్ వేసుకోమని ప్రాణం తీస్తోందండి" అన్నారు.

మా వైపు పెళ్లిచూపుల్లో పెద్దాయన అడిగినదానికి పెళ్లికొడుకు తెలీదనకూడదు. పాకం అంటిన చేత్తోనే మౌస్ పట్టుకున్నాను. సాఫ్ట్‌వేర్‌లో ఏదో కన్నం బయటపడిందని, దాన్ని పూడ్చే ప్యాచ్ సీడీ కాలేజీ నుంచి తెచ్చానని సుజాత గుమ్మం దగ్గర నుంచి మెల్లగా చెప్పింది.

"కొత్త పంచెకి మాసికేంటండి? ఇదంతా మనల్ని గుప్పిట్లో పెట్టుకోడానికి కంపెనీవాడి ఎత్తు" అని కొట్టిపారేశాను.

"అలాంటప్పుడు ఇంకో కంపెనీది కొనుక్కోవచ్చు కదండీ?" అన్నారు సూర్యారావుగారు.

"మీరు చెరకేస్తే మీ ఊరికి రాసిపెట్టిన ఫ్యాక్టరీకే తోలాలి కదండీ. కాటా దగ్గర ఎంతసేపు నిలబెట్టినా నిలబడాలి. ఇదీ అంతేనండి. వేరేది పెడితే ప్రింటర్ పలకదు, ఆఫీసు ఫైలు తెరుచుకోదు."

ఆ రోజు నేను పలికిన సరైన ముక్క అదొక్కటే. అక్కడితో ఆగితే నా జన్మ ధన్యమయ్యేది. అప్‌డేట్ అడగకుండా దాని నోరు నొక్కేశాను. ఇంటర్నెట్ నెమ్మదిగా ఉందని, బయటివాళ్లు చొరబడకుండా ఉన్న అడ్డుగోడని కూడా తీసేశాను. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగాయంటారు. ఇక్కడ ముందే మొరుగుతున్న కుక్కని నేనే కట్టేశాను.

ఫోన్ వైరు తగిలించి నెట్ కలిపిన కాసేపటికే తెర మీద ఒక పెట్టె వచ్చింది. నిమిషంలో యంత్రం ఆగిపోతుందట. అన్నట్టే ఆగి, మళ్లీ వెలిగింది. నేను మళ్లీ కలిపాను, అది మళ్లీ ఆరింది. పందెం కోడిలా నేనూ వదల్లేదు, అదీ వదల్లేదు.

"కుర్రాడు చెయ్యి పెట్టగానే ఆరిపోతోందేంట్రా సూర్యం? శకునం బాలేదు" అంది మంచం మీది నాయనమ్మగారు. సూర్యారావుగారి ముఖం ముడుచుకుపోయింది. మా అమ్మ కళ్లతోనే నన్ను లేవమంది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

సుజాత వచ్చి ముందు ఫోన్ వైరు పీకింది. ఆ కన్నంలోంచి దూరిన వైరస్ పురుగును తుడిచి, సీడీ వేసి, నేను తీసినవన్నీ తిరిగి పెట్టింది. "కంపెనీవాడి ఎత్తేమోనండి, కన్నం మాత్రం నిజమే. ఊరందరి తలుపులకీ ఒకే తాళమైతే దొంగకి ఒక్క తాళంచెవి చాలండి. మనమే ముందు జాగ్రత్తపడాలి" అంది, నా వంక చూడకుండా.

సూర్యారావుగారు గొంతు సవరించుకుని, అబ్బాయి నచ్చాడా అని అందరి ముందే అడిగారు.

"తెలియనిది తెలియదని ఒక్కసారి చెప్పమనండి నాన్నా. చేసుకుంటాను."

లేచి నిలబడి చేతులు కట్టుకున్నాను. "నాకు తెలియదండి."

"మరి ఉద్యోగం కంప్యూటర్లదే అన్నారేంటి?" అంది నాయనమ్మగారు.

పెళ్లయింది. అగ్నిసాక్షిగా అందరూ చేసే ప్రమాణాలతో పాటు నేను మనసులో ఇంకొకటి చేశాను: ఏ యంత్రం ఏ అనుమతి అడిగినా, వద్దని నేనుగా నొక్కను గాక నొక్కను. మా ఆవిడ్ని పిలుస్తాను.