రెక్సిన్ సొరచేప

సోఫాలు కుట్టే ఆయనకు తన పనితనం మీద ఎంత గురి అంటే, ఎవరింటికెళ్లినా కూర్చోకముందే కుర్చీ కుట్లు తడిమి చూస్తాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం టీవీలో సొరచేప సినిమా వచ్చింది. ఒకప్పుడు హాళ్లు దద్దరిల్లేలా ఆడిన పెద్ద సినిమాకి చవకబారు నకలు అది. సముద్రం స్నానాల తొట్టిలా ఉంది. చేప తోక ఊపే ముందు కాస్త ఆలోచించుకుంటోంది.

"అది చేప కాదే, రెక్సిన్. పొట్ట కింద జిప్పు చూడు. లోపల స్పాంజి కూడా నాసిరకం," అన్నాడు భార్యతో, పడీపడీ నవ్వుతూ.

"కాస్త చూడనివ్వండి అల్లుడుగారూ," అంది అత్తగారు.

ఆయన వినలేదు. జిప్పు కనబడ్డప్పుడల్లా వేలుపెట్టి చూపించాడు. ఇంతలో ఆ చేప పడవ పక్కనుంచి ఒక్కసారిగా పైకి లేచింది. ఆయన కెవ్వుమని కాళ్లు రెండూ సోఫా మీదికి లాక్కుని, పక్కనున్న చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. భార్యది అనుకున్నాడు. అత్తగారిది.

"పర్లేదు నాయనా, రెక్సినే కదా," అందావిడ, చెయ్యి విడిపించుకోకుండానే.

సినిమా అయ్యేదాకా ఆయన కాళ్లు కింద పెట్టలేదు.

మర్నాడు దుకాణానికి వచ్చినవాళ్లందరికీ ఈ సంగతి తనే చెప్పుకున్నాడు. "అసలు సినిమాకి కూడా ఇంత జడుసుకోలేదండీ. అప్పుడు కొత్తగా పెళ్లయింది, మా ఆవిడ ముందు బిగబట్టుకున్నాను. ఇప్పుడు ఆ పరువు కూడా లేదు."

పై ఆదివారం అదే చేప రెండో భాగం వేశారు. ఆయన అందరికంటే ముందొచ్చి అత్తగారి పక్కన చోటు పట్టాడు.