మా నాన్న మర ఆపిన రోజు

మా చిన్నప్పుడు... తెనాలిలో మా ఇంటికి ముందు పిండి మర, వెనక మేము. పొద్దున్నే నాన్న మర వేస్తే చీకటి పడేదాకా ఆ మోత ఆగేది కాదు. ఆ మోతలోనే మా చదువులు, మా తగవులు. అమ్మ పోపు పెట్టినా పిండి వాసనే వచ్చేది!

మా బజారులో ఒక అలవాటు ఉండేది. పట్టపగలు షట్టరు దించారంటే ఆ ఇంట్లో ఎవరో పోయినట్టే. జ్వరమొచ్చినా, ఇంట్లో పెళ్ళైనా ఎవరో ఒకరు కూర్చుని కొట్టు తెరిచే ఉంచేవారు. కరెంటు పోతే నాన్న విసనకర్రతో గుమ్మంలో కూర్చునేవాడు గానీ షట్టరు మాత్రం దించేవాడు కాదు.

"ఒక్కపూట మూసెయ్యండి, పిల్లలకి బాపట్లలో సముద్రం చూపిద్దాం" అని అమ్మ పోరుతూ ఉండేది. "మూస్తే జనం ఏమనుకుంటారే?" అనేవాడు నాన్న.

అవి ఒంటిపూట బడుల రోజులు. నాకు తొమ్మిదేళ్ళు. బడి నుంచి వస్తూ సందు మలుపు తిరిగాను... మర చప్పుడు లేదు. షట్టరు దించి ఉంది. ఎదురు కొట్టు తాతయ్య నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "ఏంటమ్మా... ఇంట్లో ఎవరికేమైంది?" అన్నాడు.

ఇంట్లోకి పరుగెత్తాను. అమ్మ లేదు. నడవాలో చాప మీద నాన్న వెల్లకిలా పడుకుని ఉన్నాడు. తలస్నానం చేసి, ఉతికిన తెల్ల పంచె కట్టుకున్నాడు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఒంటి మీద పిండి లేని నాన్నను పగటిపూట నేనెప్పుడూ చూడలేదు. పిలుద్దామంటే భయం... పలక్కపోతే? ముక్కు దగ్గర వేలు పెట్టాను.

ఊపిరి వెచ్చగా తగిలింది.

అప్పుడు ఏడ్చాను చూడండి... నాన్న ఉలిక్కిపడి లేచాడు. "ఏంటమ్మా, ఏమైంది?"

"మర ఆగిపోయింది నాన్నా..." అంతే చెప్పగలిగాను.

సాయంత్రం రైలుకి బాపట్ల వెళ్దామని, మాకు చెప్పకుండా ఆపాడట. అమ్మ దారిలోకి అరటిపళ్ళు తేవడానికి వెళ్ళిందట. ఈలోగా నా ఏడుపు విని బజారంతా మా గుమ్మంలోకి వచ్చేసింది. తాతయ్య అయితే కండువా నోటికి అడ్డం పెట్టుకుని మరీ వచ్చాడు. నాన్న సిగ్గుతో చచ్చిపోయాడు. "ఏం లేదండి, ఏం లేదు... ఊరికే కునుకు తీశానండి" అంటూ పాత లుంగీ కట్టుకుని, వెళ్ళి షట్టరు తీశాడు. బాపట్ల మాట మా ఇంట్లో మళ్ళీ వినపడలేదు.

ఆ షట్టరు ఇంకోసారి పట్టపగలు దిగింది, నేను డిగ్రీ చదివేటప్పుడు. ఆ రోజు కూడా వేలు పెట్టి చూశాను...

ఇప్పుడు నాకు రేపల్లెలో కారప్పొడుల షాపు. నెలకొక్క రోజైనా సెలవు పెట్టుకోవాలని క్యాలెండర్లో తేదీ చుట్టూ సున్నా చుడతాను. ఆ రోజు దగ్గరపడగానే ఆ సున్నా కొట్టేస్తాను. ఈ నెల మాత్రం కొట్టెయ్యలేదు. అట్ట మీద రాసి షట్టరుకి కట్టాను. "ఇవాళ సెలవు. బాపట్ల వెళ్తున్నాం. అందరం బాగున్నాం."

షట్టరు దించుతుంటే మా పాప చప్పట్లు కొట్టి గంతులేసింది. ఆ చప్పుడంటే దానికి సంబరం. నేను మాత్రం అట్ట మీద రాసింది అందరికీ కనిపిస్తోందో లేదోనని రెండుసార్లు చూసుకున్నాను.

మీ నాన్నగారు ఎప్పుడైనా కొట్టు మూసి హాయిగా నిద్రపోయారా? అలాంటి రోజు ఉంటే చెప్పండి, వినాలని ఉంది... మా నాన్న పడుకున్న ఆ ఒక్క మధ్యాహ్నం కూడా ఆయన్ని నేనే లేపేశాను.